ఆదరణ కూడిక

పరామర్శకు వచ్చేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. మా అమ్మ పోయినప్పుడు చూశాను. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూనే ఏ డాక్టరు చూశాడని అడిగేవాళ్ళు. ఆ డాక్టరు దగ్గరికి కాక ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే బతికేదేమోనని ఓ మాట అనేసి, చాయ్ తాగి, కళ్ళు తుడుచుకుని లేచిపోయేవాళ్ళు. మా వారు వామన్‌రావు గారు మాత్రం, "నలుగురు రాకపోతే శవం గూడ లేవదు సౌభాగ్యా" అనేవారు. అదీ నిజమే. విక్టోరియా సంగతి చెప్పాలంటే ఈ రెండూ గుర్తుంచుకుని చెప్పాలి.

నాంపల్లి స్టేషన్ ముందునుంచి ఆబిడ్స్ వైపు నడిస్తే లాడ్జీల వరుస దాటాక ఒక సందు వస్తుంది. ఆ సందులో మేడ మీద మాది టైప్‌రైటింగ్ ఇన్‌స్టిట్యూట్. తొంభైల్లో పొద్దున్నే తలుపు తీసేసరికి పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉండేవాళ్ళు. కోఠి కాలేజీ ఆడపిల్లలు, ఉద్యోగ పరీక్షలకు చదివే మగపిల్లలు, అందరూ ఒక్కసారి మొదలుపెడితే కింద బేకరీలో గాజు సీసాలు అదిరేవి. తరువాత కంప్యూటర్లొచ్చాయి. మిషన్లను చాదర్‌ఘాట్ పాతసామాన్ల వాడు తూకానికి పట్టుకుపోయాడు. వాటి చోట ప్లైవుడ్ గదులు కట్టించి, ఒక్కో గదిలో ఒక కంప్యూటర్ పెట్టించి, బయట నెట్ సెంటర్ అని బోర్డు వేయించాం. మా వారికి ఆ బోర్డు గిట్టలేదు. ఆయన ఇంట్లో కూర్చుని టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఉచ్చారణను తిట్టుకుంటూ ఉంటారు. సెంటరు నా నెత్తిన పడింది.

విక్టోరియా మా పాత స్టూడెంటు. లోయరూ హయ్యరూ రెండు పరీక్షలూ మా దగ్గరే పాసయింది. పక్కనున్న కాగితం మీదే చూపు పెట్టి కొట్టుకుంటూ పోయే పిల్ల, మిషన్ వైపు చూసేది కాదు. వాళ్ళ నాన్న ఇజ్రాయేల్ గారు నాంపల్లి స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసు క్లర్కు, చర్చిలో పెద్ద. తల్లి శేషారత్నం గారు ఈ పిల్ల కాలేజీలో ఉండగానే పోయారు. తరువాత విక్టోరియాకు ఆబిడ్స్‌లో ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. టిమోతి అని గూడ్సు బండి గార్డుతో పెళ్ళయింది. ఇజ్రాయేల్ గారు రిటైరై కూతురి దగ్గరే ఉంటున్నారు. పెళ్ళయి చాలా ఏళ్ళు పిల్లల్లేరు. రెండువేల ఐదు చివర్లో నెల తప్పింది. మా సెంటరుకు వచ్చి మిఠాయి పెట్టి మరీ చెప్పింది.

మరుసటి ఏడు వానాకాలంలో నెలలు నిండాక, కడుపులోనే బిడ్డ గుండె ఆగిపోయింది. నొప్పులు పడింది, కన్నది, కానీ ఏడుపు వినలేదు. టిమోతి డ్యూటీ మీద కాజీపేట అవతలెక్కడో ఉన్నాడు. బిడ్డను తల్లికి చూపించవద్దని దవాఖానలో ఉన్న పెద్ద ఆడవాళ్ళంతా ఒక్క మాట మీద నిలబడ్డారు. చూస్తే మరిచిపోలేదట, చూడకపోతే మరిచిపోతుందట. ఇజ్రాయేల్ గారు బిడ్డను తీసుకుపోయి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. టిమోతి మర్నాడొచ్చాడు. అతనూ చూడలేదు. అతనేమీ అడగలేదు, ఈయనేమీ చెప్పలేదు.

విక్టోరియాకు ఆడపిల్ల అని మాత్రం తెలుసు. నల్లగా ఉందో తెల్లగా ఉందో, ఎవరి పోలికో తెలియదు. తండ్రిని ఒకసారి అడిగిందట. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారట. ఇంకోసారి అడగడానికి ఆమెకు నోరు రాలేదు.

పరామర్శకు మాత్రం లోటు లేకపోయింది. నేనూ వెళ్ళాను కాబట్టి నాకు తెలుసు. ఇంకా వయసుందిలే అని ఒకావిడ, మళ్ళీ సంవత్సరానికి ఒళ్ళో కొడుకుంటాడులే అని ఇంకొకావిడ, బతికి పోవడం కన్నా ఇదే నయమని మూడో ఆవిడ. అందరూ చివరకు చెప్పేది ఒకటే మాట, మరిచిపో అని. ఏం చూసిందని మరిచిపోవాలి? నేను ఏమీ అనకుండా ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేశాను. గొప్పతనం కాదు, నాకు మాట తోచక.

ఆ తరువాతి ఎండాకాలం విక్టోరియా మా సెంటరుకు రావడం మొదలుపెట్టింది. స్కూలు వదిలాక నేరుగా వచ్చి, గోడ పక్క గదిలో కూర్చునేది. అప్పుడు ఊరంతా ఆర్కుట్ పిచ్చి. కుర్రకారంతా పొద్దస్తమానం ఫొటోలు పెట్టుకోవడం, ఒకళ్ళ గోడ మీద ఒకళ్ళు రాసుకోవడం. ఈమెకెందుకీ సరదా అనుకున్నాను. ఒకరోజు తనే పిలిచింది. "మేడం, జర ఇటు రాండ్రి, ఒకటి చూపిస్త."

అది బిడ్డలు పోయిన తల్లుల గుంపు. వరంగల్ నుంచి అక్షిత అనే అమ్మాయి నడిపిస్తోంది. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. మహబూబ్‌నగర్ ఆమె ఉంది, విజయనగరం ఆమె ఉంది, దుబాయిలో ఉండే ఆమె ఉంది. ఎవరిది ఏ మతమో, ఏ కులమో ఎవరూ అడగరు. అక్కడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్ళు మొదట తమ బిడ్డ పేరు, బిడ్డ ఎట్లా ఉండేదో రాయాలి. మిగతావాళ్ళు చదివి, ఆ పేరుతోనే ఆ తల్లిని పిలుస్తారు. నానిగాడి అమ్మా తిన్నావా, చిట్టి అమ్మా నిద్ర పట్టిందా, ఇట్లా. గంటసేపు బతికి పోయిన బిడ్డకు కూడా అక్కడ సొట్ట బుగ్గ ఉంది, పుట్టుమచ్చ ఉంది.

విక్టోరియా తన చోట రాసింది రెండే మాటలు: పాప. నేను చూడలేదు.

"దీనికి వీళ్ళు ఏమన్నరో చూడండి మేడం. ఒక్కరు గూడ మర్చిపో అనలె. ఎప్పుడైన తెలిస్తే మాకు చెప్పు, మేము ఎదురు చూస్తం అన్నరు."

అది చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఏడుపు లేదు, చాలా రోజుల తరువాత కొంచెం తేటగా ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చీర కొంగు అడ్డం పెట్టుకుని, ఫ్యాను గాలికి దుమ్ము పడిందని చెప్పాను. ఆ వేసవంతా ఆమె వచ్చేది, వాళ్ళతో మాట్లాడేది, వెళ్ళేటప్పుడు నాతో రెండు మాటలు మాట్లాడి మెట్లు దిగేది. తిండి తింటున్నట్టుంది, మనిషి కొంచెం తేరుకుంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఏం స్నేహమని మా వారు అన్నారు. ముక్కూ మొహం తెలిసినవాళ్ళు ఏం ఉద్ధరించారని నేను అన్నాను.

తేరుకున్న మనిషి ఇంట్లో కూడా నోరు విప్పుతుంది కదా. ఒకరోజు అన్నం దగ్గర తండ్రికి ఈ గుంపు సంగతి చెప్పింది. దాని పేరు చెప్పింది, అక్కడివాళ్ళు ఎంత మంచివాళ్ళో చెప్పింది. ఇజ్రాయేల్ గారు సంతోషపడ్డారు. ఆ సంతోషమే కొంప ముంచింది.

వాళ్ళ చర్చిలో ఎవరైనా పోతే కొన్నాళ్ళకు ఆదరణ కూడిక అని పెడతారు. ఇంటి ముందు షామియానా వేసి, జంపఖానాలు పరిచి, పాటలు పాడి, ప్రార్థన చేసి, ఒక్కొక్కరూ లేచి ఆ ఇంటివాళ్ళకు ధైర్యం మాట చెప్తారు. శేషారత్నం గారికి పెట్టినప్పుడు నేనూ కూర్చున్నాను. పుట్టకముందే పోయిన బిడ్డకు కూడిక పెట్టే ఆనవాయితీ వాళ్ళ సంఘంలో లేదట. ఆ లోటు ఇజ్రాయేల్ గారి మనసులో ఏడాదిగా నలుగుతూనే ఉంది. ఇంతలో చర్చి కుర్రాళ్ళు ఆర్కుట్‌లో సంఘం పేరుతో ఒక గుంపు పెట్టారు. ఆయనకూ ఒక ఖాతా తెరిచి ఇచ్చారు. ఆయన మా సెంటరుకే వచ్చి, కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నారు. పోతూ పోతూ నాకు దండం పెట్టి, "మనమరాలికి కూడిక పెట్టిన సౌభాగ్యమ్మా, ఇయ్యాల నా గుండె జర తేలికైంది" అన్నారు. ఏం కూడికో నాకు అర్థం కాలేదు. మంచిదే కదా అనుకున్నాను.

ఆయన రాసింది ఇది. తన కూతురు విక్టోరియాకు చనిపోయిన బిడ్డ పుట్టిందని, అల్లుడు ఇంట్లో మాట్లాడడం లేదని, కూతురు నిద్రపోవడం లేదని, ఆమె కొరకు అందరూ ప్రార్థన చేయాలని. అంతటితో ఆగలేదు. ఆ తల్లుల గుంపు పేరు రాసి, అక్కడ తన కూతురిలాంటి తల్లులు చాలామంది ఏడుస్తున్నారని, సంఘమంతా అక్కడికి వెళ్ళి తలా ఒక ఆదరణ మాట చెప్పి రావాలని ప్రేమతో కోరారు. షామియానా కింద కూర్చున్న జనానికి ఇంటి దారి చెప్పినట్టే చెప్పారు. అక్కడికి వచ్చేవాళ్ళు చెప్పులు విప్పి రావాల్సిన పని లేదని, మొహం కూడా చూపించనక్కర్లేదని ఆయనకు తట్టలేదు.

వచ్చారు. మొదట మంచివాళ్ళే వచ్చారు. ప్రార్థిస్తున్నాం సిస్టర్ అని రాసి పోయారు. ఆ వెనుక మరిచిపొమ్మనేవాళ్ళు వచ్చారు. ఆ వెనుక, కడుపుతో ఉన్నప్పుడు ఏం తప్పు జరిగిందో పరీక్షించుకోమని చెప్పేవాళ్ళు వచ్చారు. ఫొటోలో మొహం చోట గులాబీ పువ్వు పెట్టుకున్న ఒక మహానుభావుడు, పాపం లేకుండా కడుపుకోత ఉండదని రాశాడు. వేరే మతాల ఆడవాళ్ళతో పొత్తు మానుకోమని ఇంకొకరు విక్టోరియాకు పేరు పెట్టి బుద్ధి చెప్పారు. మొగుడు ఎందుకు మాట్లాడడం లేదో చెప్పమని ఒకరు ఆరా తీశారు. దాని మీద తల్లుల తరఫు మనుషులు లేచి, మీ మతమే అంత అని తిట్టిపోశారు. చర్చితో సంబంధం లేని పోకిరీలు కూడా వాసన పట్టి దిగారు. బిడ్డల పేర్ల మీద వెకిలి మాటలు రాశారు. లోకులు కాకులంటారు. కాకులు నయం, చచ్చినదాని మీద వాలినా ముందు తోటి కాకుల్ని పిలుస్తాయి, దానికి పాపం అంటగట్టవు.

మహబూబ్‌నగర్ ఆమె తన బిడ్డ ఫొటో తీసేసి వెళ్ళిపోయింది. విజయనగరం ఆమె కూడా వెళ్ళిపోయింది. అక్షిత విక్టోరియాకు విడిగా ఒక ముక్క రాసింది. గుంపుకు తాళం వేస్తున్నానని, మీ వాళ్ళను కాస్త ఆపమని, కొన్నాళ్ళు మీరు కూడా రాకపోతే మంచిదని. ఆ అమ్మాయిని తప్పు పట్టలేను. అప్పటికే అందరికీ రక్తం కారుతోంది.

విక్టోరియా ఇదంతా మా గోడ పక్క గదిలో కూర్చుని చదివింది. ఒక్కదాన్నీ వదలకుండా కింది దాకా చదివింది. ఆపమని నేను రెండుసార్లు చెప్పాను. వినలేదు. చివరకు లేచి వచ్చి కౌంటరు దగ్గర నిలబడింది.

"నన్ను ఎన్ని అన్న పర్వాలేదు మేడం. నాకు అలవాటైంది. ఆళ్ళ పిల్లల్ని అనిపించిన. మా ఇంటి మురికి తీస్కపోయి ఆళ్ళ ఇంట్ల పోసిన."

నువ్వు కాదని నేను చెప్పబోయేలోపు మెట్లు దిగిపోయింది. ఆ తరువాత రాలేదు.

నాకు ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆ గులాబీ పువ్వు వాడు ఎదురుగా ఉంటే చెప్పు తీసేదాన్నే. కానీ ఎక్కడున్నాడో, ఎవడో, ఏ ఊరివాడో. ప్రతి ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని ఆమె పక్క బెంచీలోనే కూర్చుంటాడో ఏమో. ఎదురుపడని మనిషిని తిట్టలేకపోవడం ఎంత నరకమో నాకు అప్పుడు తెలిసింది. ఆ మంటంతా కడుపులో పెట్టుకుని ఉండగా ఇజ్రాయేల్ గారు వచ్చారు.

కూతురు తనతో మాట్లాడడం లేదన్నారు. వండి పెడుతుంది, గిన్నె ముందు పెట్టి లోపలికి పోతుంది. ఏమైందో ఆయనకు అర్థం కాలేదు. తను పెట్టిన కూడికకు ఎంతమంది వచ్చారో చూద్దామని వచ్చారట. నేనే కంప్యూటరు తెరిచి చూపించాను. చదవమన్నాను. ఆయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. కొంతదూరం పోయాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నేను మంచికే చేసిన అమ్మా" అన్నారు.

"మంచికే చేసిన్రు. ఎవర్ని అడిగి చేసిన్రు?" అన్నాను. పెద్దాయన అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు మాట్లాడాను.  ఆయన కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చుంటే చూసి నాకే సిగ్గేసి ఊరుకున్నాను.

ఆయన చేయగలిగింది చేశారు. చర్చి కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి తను రాసింది తీయించారు. ఆ ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచి, నా బిడ్డ గురించి ఎవరూ ఇక ఏమీ రాయొద్దు, ఆమె ఎదుట ఏమీ అనొద్దు, అదే నా మనవి అని చెప్పి కూర్చున్నారట. అక్షితకు క్షమాపణ రాయమని నన్ను అడిగారు. తప్పు ముసలివాడిదని, కూతురిది కాదని, ఆమెను దూరం చేయవద్దని ఆయన చెప్పినట్టే రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది. ఆ అమ్మాయి మంచిది. గుంపు వదిలి వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చారని, ఇప్పుడు తెలియనివాళ్ళు లోపలికి రాకుండా కట్టుదిట్టం చేశానని, విక్టోరియా కోసం అందరూ అడుగుతున్నారని రాసింది. తను ఎన్ని కబుర్లు పంపినా ఆమె నుంచి పలుకు లేదంది.

నేను స్కూలు దగ్గరికి వెళ్ళి విక్టోరియాతో చెప్పాను. ఆమె ఫైళ్ళు సర్దుకుంటూ విన్నది. తనకు పోవాలని లేదంది. "ఆళ్ళందరికి చెప్పుకోను ఏదో ఒకటుంది మేడం. నా దగ్గర ఏముంది? ఖాళీ చేతులతోని పోయి, ఆళ్ళ మధ్యల గొడవ పెట్టి వచ్చిన. మళ్ళ ఏ మొఖం పెట్టుకొని పోవాలె?"

ఆబిడ్స్ నుంచి నడిచి వస్తూ ఆ మాటే నమిలాను. ఈ ప్రపంచంలో ఆ బిడ్డను చూసి, ఒళ్ళో పెట్టుకుని, చివరిదాకా దగ్గరున్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన ఊరందరికీ ఆమె బాధ చెప్పారు, ఆమెకు మాత్రం ఆమె బిడ్డ సంగతి చెప్పలేదు. మర్నాడు ఇజ్రాయేల్ గారు వచ్చి, తండ్రీ కూతుళ్ళు కలవాలని సంఘ పెద్దలతో ఒక ఉపవాస ప్రార్థన పెట్టిద్దామా అని అడిగినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, దేవునికి చెప్పింది సాలు. బిడ్డకు చెప్పుండ్రి. పాపను చూసింది మీరే కదా?"

ఆయన తల ఊపారు.

"ఎట్లుండె?"

 తలుపు వైపు చూశారు. లేచి పోతారనుకున్నాను. లేవకుండానే, "విక్టోరియా మొఖం చూస్తే నాకు నోరు రాదమ్మా. చూపించొద్దు అని అందరు అంటుంటే ఔ అన్నది నేనే" అన్నారు.

అయితే నా మొఖం చూసి చెప్పండి అన్నాను. కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒకరు చెప్తుంటే కొట్టడం నాకు ఇన్‌స్టిట్యూట్ నాటి అలవాటు. ఇది గుంపులో కాదని, ఎవరి గోడ మీదా కాదని, విక్టోరియా ఒక్కతే చదివే చోట పెడతానని చెప్పాను. ఆయన రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. చెప్పడం మొదలుపెట్టారు.

"తల నిండ జుట్టు ఉండె బిడ్డా. నర్సమ్మ తుడిచి ఇచ్చింది గాని జుట్టు ఇంక తడిగనే ఉండె. ముక్కు మీ మమ్మీ ముక్కే, కొనకు జర వంగి. రంగు నీ రంగే. ఎడమ చెవి మడిచి ఉండె. కడుపుల అటుదిక్కు ఒత్తుకొని పండుకున్నదేమో. నేను వేలుతోని సరిచేసిన. మళ్ళ మడుచుకున్నది. చేతులకు గోర్లు గూడ పెరిగినయ్. నిద్రపోతున్నట్టే ఉండె. నీ పాత గులాబి చీర ఉండె కదా, సంచిల పెట్టుకొని పోయినం, గదే చుట్టిన."

ఆయన ఆగినప్పుడు నేనూ ఆగాను. తొందరపెట్టలేదు.

"గాడ గుంట తవ్వే బిచ్చయ్య, పేరేందయ్యా అని అడిగిండు. పేరు లేని బిడ్డను పెట్టాలంటే మనసొప్పదు అన్నడు. నాకు అప్పటికప్పుడు ఒక్కటే తోచింది. రత్నం అన్న. నిన్ను అడగకుంట పెట్టిన. నీకు వేరే పేరు మనసుల ఉంటే ఇప్పుడన్న మార్చు. మీ మమ్మీ పక్కనే పెట్టిన బిడ్డా. ఒక్కదాన్ని పెట్టలె."

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు డిక్టేషన్ ఇచ్చినదాన్ని. ఆ రోజు కొట్టింది మళ్ళీ చదువుకుంటే సగం అక్షరాలు తప్పులే. దిద్దలేదు. అట్లాగే పంపాను.

సాయంత్రం స్కూలు వదిలే వేళకు వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. నీకొక ఉత్తరం లాంటిది వచ్చింది, వచ్చి చదువు అన్నాను. చర్చివాళ్ళదా అని అడిగింది. ఔ, చర్చిలో ఒకాయన రాశారు, ఈసారి నా మాట మీద చదువు అన్నాను. ఇష్టం లేకుండానే నా వెంట నడిచింది. మేం వచ్చేసరికి ఇజ్రాయేల్ గారు లోపలికి రాలేక, మెట్ల పైన వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఆమె ఆయన్ను చూసి ఆగింది. తల తిప్పుకుని లోపలికి వెళ్ళింది.

గది పరదా వేసుకుంది. నేను కౌంటరులో కూర్చుని ఏదో పని ఉన్నట్టు కాగితాలు తిరగేశాను. పక్క గదిలో ఇద్దరు కుర్రాళ్ళు ఏదో చూసి నవ్వుతుంటే వెళ్ళి నోరు మూయించాను.  లోపలినుంచి ఏడుపు వినిపించింది. బిడ్డ పోయిన ఏడాది తరువాత ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. నేను లేవలేదు. ఏడవనీ అనుకున్నాను.

విక్టోరియా బయటికొచ్చి వరండాలో తండ్రి పక్కన కూర్చుంది. తలుపు తీసే ఉంది కాబట్టి నాకు వినిపించింది.

"దవాఖాన నుంచి సమాధుల తోట దాంక ఎట్ల తీస్కపోయినవ్ డాడీ?"

"ఆటోల."

"ఎవరొచ్చిన్రు నీతోని?"

"ఎవ్వరు లేరు. నేను, పాప." ఆయన ఒప్పుకోలేని మాట ఒప్పుకుంటున్నట్టు చెప్పారు. "ఆటోవాలా ముసల్మాన్ పోరడు. అతనికి తెల్వదు బిడ్డా. నా ఒళ్ళె బట్టల చుట్టి ఉన్నది కదా, దవాఖాన గేటు ముంగట ఎక్కిన కదా. బేటా, బేటీ అని అడిగిండు. బేటీ అన్న. బిడ్డ పుట్టినందుకు ముబారక్ సాబ్ అన్నడు."

విక్టోరియా ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"నాకు చెప్ప బుద్ధి కాలె. శుక్రియా అన్న. కోఠి కాడ గుంతలు ఉన్నయ్ కదా, పాప లేస్తదని ఆటో నెమ్మదిగ నడిపిండు. ఎనక బండ్లోళ్ళు హారన్ కొడితే, చిన్నపిల్ల ఉన్నది అని ఆళ్ళను కసురుకున్నడు. గాడ దిగినంక సమాధుల గేటు చూసి, నా మొఖం చూసి, రుమాల్ తీసి నెత్తికి కట్టుకొని నిలబడ్డడు. గంతసేపు, గా ఆటోల, అందరి పిల్లల లెక్కనే పోయింది మన పాప. అబద్ధం ఆడిన అని ఇన్ని దినాలు దేవునికి గూడ చెప్పుకోలె."

ఆమె ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కింద రోడ్డు మీద స్టేషన్‌కు పోయే ఆటోలు రొద పెడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి విక్టోరియా లేచి, తండ్రిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆయన్ను తన కుర్చీ పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, తల్లుల గుంపు తెరిచింది.

"చెప్పు డాడీ. మొదటి నుంచి చెప్పు" అంది. ఆయన చెప్పారు, ఆమె కొట్టింది. జుట్టు, చెవి, పేరు, ఆటో, అన్నీ రాసింది. రాసింది పంపాక ఇద్దరూ లేవలేదు. అట్లాగే తెర వైపు చూస్తూ కూర్చున్నారు. ఏం రాస్తారోనని ఆ పెద్దాయన భయపడుతున్నారని ఆయన కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. నాకూ భయమేసింది. కౌంటరు వదిలి వాళ్ళ వెనక వెళ్ళి నిలబడ్డాను.

మొదటి జవాబు మహబూబ్‌నగర్ ఆమె నుంచి వచ్చింది. ధైర్యం చెప్పలేదు, ఓదార్చలేదు. రత్నం అమ్మా, ముబారక్ అని రాసింది. దాని కింద విజయనగరం ఆమె అదే రాసింది. దాని కింద అక్షిత. మేం చూస్తుండగానే ఒక్కొక్కరూ వచ్చి, ఏడాది కింద పుట్టిన బిడ్డకు ఆ ఒక్క మాటే రాసి వెళ్ళారు.